చీకటి కల్పనకు మూలం గాయమేనా? : దాసరి సుబ్రహ్మణ్యం చందమామ ధారావాహికలు – రచయిత జీవితానుభవ పరిశీలన

వ్యాససంగ్రహం:
భయాన్ని, మృత్యువును, మాంత్రిక శక్తులను వస్తువుగా తీసుకున్న అద్భుత కల్పనలకు రచయిత జీవితంలోని బాధాకర సంఘటనలే మూలమని విమర్శకులు తరచుగా భావిస్తారు. తెలుగులో అద్భుత ధారావాహికలకు ఒక రూపాన్నిచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం విషయంలో ఈ సూత్రం ఎంతవరకు పనిచేస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన కల్పనలోని చీకటికి ఒక వ్యక్తిగత గాయాన్ని వెతకడం కంటే ఆయన దృక్పథాన్నీ, చేసిన కొలువునూ, పేరు లేకుండా రాసిన పరిస్థితినీ జీవితానుభవంగా గుర్తించడం సముచితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పశ్చిమ కర్నూలు ప్రాంతపు పాఠకుడి అనుభవాన్ని కూడా ఈ చర్చలో భాగం చేస్తుంది.

కీలకపదాలు: దాసరి సుబ్రహ్మణ్యం, చందమామ, అద్భుత కల్పన, భయానకం, జీవితచరిత్రాత్మక విమర్శ, తుగ్గలి.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖలలో సమర్పితమవుతున్న సిద్ధాంత గ్రంథాలలో మొదటి అధ్యాయం చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. రచయిత జననం, తల్లిదండ్రులు, విద్య, ఉద్యోగం, పొందిన పురస్కారాలు వరుసగా వస్తాయి. రెండవ అధ్యాయం నుంచి వస్తువిశ్లేషణ మొదలవుతుంది. ఆ రెండింటి మధ్య వంతెన ఉండదు. మొదటి అధ్యాయాన్ని తొలగించినా తక్కిన అధ్యాయాలలో ఒక్క వాక్యం కూడా మార్చవలసిన అవసరం రాదు. నా సిద్ధాంత గ్రంథం కూడా ఇందుకు మినహాయింపు కాదని ఒప్పుకోవాలి.

ఈ లోపాన్ని సరిదిద్దాలనుకున్న పరిశోధకుడు ఒక్కోసారి రెండో కొసకు పోతాడు. కథలో మరణం కనిపిస్తే రచయిత ఇంట్లో ఒక మరణాన్ని వెతుకుతాడు. కథలో చీకటి గుహ ఉంటే రచయిత బాల్యంలో ఒక చీకటి గదిని ఊహిస్తాడు. ఆధారం దొరక్కపోతే 'ఉండి ఉండవచ్చు' అని రాస్తాడు. తరువాతి పరిశోధకుడు ఆ మాటను 'ఉంది' అని ఉటంకిస్తాడు. జీవితాన్ని పట్టించుకోకపోవడం ఒక లోపమైతే, జీవితాన్ని కల్పించడం అంతకంటే పెద్ద లోపం.

భయానక, అద్భుత కల్పనల విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వాస్తవిక కథ చదివినప్పుడు సమాజాన్ని చూస్తాం. మాంత్రికుల కథ చదివినప్పుడు రచయిత మనసులోకి తొంగిచూడాలనిపిస్తుంది. అక్కడ మనకు ఏం కనిపించాలో ముందే నిశ్చయించుకుని ఉంటాం.

2. గాయం నుంచి కల్పన: కొన్ని ప్రసిద్ధ ఉదాహరణలు

గాయానికీ కల్పనకూ సంబంధమే లేదని ఈ వ్యాసం వాదించడం లేదు. ఆంగ్ల సాహిత్యంలో ఇందుకు బలమైన ఆధారాలున్నాయి. మేరీ షెల్లీ పుట్టిన కొద్ది రోజులకే తల్లి మరణించింది. 1815లో ఆమె తొలి కాన్పు బిడ్డ కొన్ని రోజులే బతికింది. ఆ బిడ్డను మంట దగ్గర ఒళ్ళు రుద్దగా తిరిగి ప్రాణం వచ్చినట్లు కలగన్నానని ఆమె తన దినచర్యలో రాసుకున్నది. 1818లో ప్రచురితమైన 'ఫ్రాంకెన్‌స్టైన్' మృతదేహాలకు ప్రాణం పోసిన మనిషి కథ. ఇక్కడ జీవితానికీ రచనకూ మధ్య దారిని రచయిత్రి స్వయంగా నమోదు చేసింది.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ మొదటి ప్రపంచయుద్ధంలో 1916 నాటి సోమ్ పోరాటంలో పాల్గొన్నాడు. తన నవలను యుద్ధానికి ప్రతీకగా చదవడాన్ని ఆయన నిరాకరించాడు. అయినా, అందులో మృతుల ముఖాలు నీటి అడుగున కనిపించే బురదనేలల వర్ణన సోమ్ పోరాటం తరువాతి ఉత్తర ఫ్రాన్సుకు కొంత రుణపడి ఉందని 1960లో ఒక లేఖలో అంగీకరించాడు. మెర్విన్ పీక్ 1945లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరాన్ని చిత్రకారుడిగా చూసి వచ్చాడు. 1959లో వెలువడిన ఆయన నవలలోని అమానుష వాతావరణాన్ని విమర్శకులు ఆ అనుభవంతో ముడిపెట్టారు.

ఈ మూడు సందర్భాలలోనూ దినచర్య, లేఖ, నమోదైన ప్రయాణం వంటి ఆధారం ఉంది. ఆధారం ఉన్నచోట పనిచేసిన పద్ధతిని ఆధారం లేని చోటికి సూత్రంగా తీసుకుపోవచ్చునా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన అలంకారికులకు కొత్త కాదు. క్రౌంచవధ చూసిన వాల్మీకి శోకమే శ్లోకమైందన్నది సుప్రసిద్ధం. అయితే ఆ శోకాన్ని ముని వ్యక్తిగత దుఃఖంగా భావించరాదని అభినవగుప్తుడు లోచన వ్యాఖ్యలో హెచ్చరించాడు. చనిపోయిన పక్షి వాల్మీకికి చుట్టం కాదు. ఆయన నష్టపోయిందేమీ లేదు. చూశాడు, చలించాడు. స్వంత దుఃఖంలో మునిగిన వాడికి కావ్యరచన సాధ్యం కాదన్నది ఈ హెచ్చరికలోని అంతరార్థం. అనుభవం అంటే మన మీద జరిగినది మాత్రమే కాదు, మన కళ్ళముందు జరిగినది కూడా అనే విస్తృతి ఇందులో ఉంది. దాసరి సుబ్రహ్మణ్యాన్ని చదవడానికి షెల్లీ దినచర్య కంటే ఈ సూత్రమే ఎక్కువగా ఉపకరిస్తుంది.

3. దాసరి సుబ్రహ్మణ్యం: తెలిసిన జీవితం

దాసరి సుబ్రహ్మణ్యం 1932లో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని చినగాదెలవర్రులో జన్మించారు. 1952లో మద్రాసు చేరి చందమామ సంపాదకవర్గంలో ఉద్యోగంలో చేరారు. 2006 దాకా ఐదు దశాబ్దాలకు పైగా అదే పత్రికలో పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' వంటి ధారావాహికలు రాశారు. వాటికి బొమ్మలు వేసిన ప్రధాన చిత్రకారుడు చిత్ర. హేతువాద దృష్టి, వామపక్షాభిమానం ఉన్నవారని ఆయన్ని ఎరిగినవారు రాశారు.

ఈ జీవితంలో యుద్ధభూమి లేదు. నిర్బంధ శిబిరం లేదు. దాదాపు యాభైనాలుగేళ్ళు ఒకే పత్రికకు పనిచేసిన మనిషి జీవితం ఇది. సంఘటనల కోసం వెతికే పరిశోధకుడు ఇక్కడ రెండు పేరాలతో ఆగిపోతాడు. కాని ఈ కొద్దిపాటి వివరాలలోనే మూడు అంశాలు ధారావాహికల నిర్మాణాన్ని నేరుగా తాకుతున్నాయి. ఒకటి, దైవాన్నీ మంత్రాన్నీ నమ్మని దృక్పథం. రెండు, నెలనెలా రాయవలసిన కొలువు. మూడు, అచ్చులో పేరు లేకపోవడం.

4. దృక్పథం కథగా మారిన తీరు

ఈ ధారావాహికల పేర్లు చూస్తేనే చీకటి తెలుస్తుంది. లోయలు, దుర్గాలు, శిథిలాలు, సమాధులు. ఈ చీకటికి అధిపతి మాంత్రికుడు. అతన్ని దాసరి ఎలా చిత్రించారన్నది ముఖ్యం.

'తోకచుక్క'లో కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఇద్దరు మాంత్రికుల పోరులో చిక్కుకుంటాడు. ఏకాక్షి ఒకవైపు, చతుర్నేత్రుడు మరొకవైపు. వారి వైరానికి ధర్మాధర్మాలతో సంబంధం లేదు. ధనం, శక్తి ఎవరి చేతికి రావాలన్నదే అసలు తగవు. మధ్యలో నలిగేది సైనికులు. 'ముగ్గురు మాంత్రికులు'లో పింగళుడు వల వేసుకుని బతికే చేపలవాడు. ఆ కథలో అరేబియన్ నైట్స్ లోని జూదర్ కథ ఛాయలు స్పష్టంగా ఉన్నాయి. మహామాయుడి సమాధిలోని వస్తువుల కోసం వచ్చిన మాంత్రికులకు ఆ పేదవాడు ఒక సాధనం. 'రాకాసిలోయ'లో బ్రహ్మదండి మాంత్రికుడు లోయలోని సంపదను చేరడానికి కేశవుణ్ణి వాడుకోవాలని చూస్తాడు.

మూడు కథలలోనూ మాంత్రికుడికి తన మంత్రం ఒక్కటే చాలదు. అతనికి ఎప్పుడూ ఒక సామాన్యుడి శరీరం, శ్రమ, ధైర్యం కావాలి. వాటిని భయపెట్టి గానీ ఆశపెట్టి గానీ సంపాదిస్తాడు. మాంత్రికుడి శక్తిలో సగం ఎదుటివాడి భయమే. భయపడని వాడు ఎదురైనప్పుడు అతని మాటలో తడబాటు వస్తుంది. హాస్యం కూడా పుడుతుంది. దాసరి మాంత్రికులు భయంకరులే గాని గంభీరులు కారు. దురాశతో, అనుమానంతో, తొందరపాటుతో నవ్వులపాలవుతారు. నమ్మిన రచయిత తన మాంత్రికుణ్ణి ఇంత సులువుగా నవ్వులపాలు చేయడు.

కథానాయకుడిని ఆపద నుంచి తప్పించడానికి దేవుడు దిగిరావడం ఈ ధారావాహికల పద్ధతి కాదు. కత్తి, యుక్తి, పక్కనున్న స్నేహితుడు అతనికి ఆధారం. కేశవుడు-జయమల్లుడు, శిఖిముఖి-విక్రమకేసరి, ఖడ్గవర్మ-జీవదత్తుడు, జయశీలుడు-సిద్ధసాధకుడు అని నాయకులు జంటలుగా రావడం గమనించదగినది. ఒంటరి వీరుడు చీకటిని దాటలేడు, ఇద్దరు మనుషులు ఒకరినొకరు నమ్మితే దాటగలరు అన్న భావన ఈ జంటల వెనుక ఉంది. వామపక్ష సాన్నిహిత్యం ఉన్న రచయిత పిల్లల కథలో నినాదం పెట్టకుండా తన నమ్మకాన్ని నిలబెట్టిన చోటు ఇదని నా అభిప్రాయం.

5. ఒక అభ్యంతరం

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాన్ని దాటవేయకూడదు. దాసరి కథలలో మంత్రాలు నిజంగానే పనిచేస్తాయి. త్రిశూలానికి శక్తి ఉంటుంది. మాయలు జరుగుతాయి. హేతువాది అయిన రచయిత పిల్లల మనసుల్లో మంత్రతంత్రాల పట్ల నమ్మకాన్ని పెంచలేదా? పైగా 'మాయాసరోవరం'లోని సిద్ధసాధకుడు మహాకాలుడి పేరు తలచేవాడే. అతన్ని రచయిత మంచివాడిగా, ధీరుడిగా చిత్రించాడు కదా?

దీనికి రెండు సమాధానాలున్నాయి. మొదటిది, ఈ కథలలో మంత్రం ఆయుధంలాగా పనిచేస్తుంది. ఎవరి చేతిలో ఉంటే వారికి ఉపయోగపడుతుంది, చేయి మారితే పాత యజమానినే చంపుతుంది. దానికి పవిత్రత లేదు. పవిత్రత లేని శక్తి భయాన్ని కలిగించగలదే గాని భక్తిని కలిగించలేదు. రెండవది, రచయిత దృక్పథం రచనలో పూర్తిగా ప్రతిఫలించాలన్న నియమం లేదు. పౌరాణిక గాథలను కూడా ప్రచురించే ఒక కుటుంబ పత్రికలో ఉద్యోగి రాసిన కథలివి. సిద్ధసాధకుడి వంటి పాత్ర ఆ పరిమితికి గుర్తు. దృక్పథం నుంచి రచనకు గీసే గీత కూడా తిన్నగా ఉండదని పరిశోధకుడు గుర్తుంచుకోవాలి.

పోలికకు యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చూడవచ్చు. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ఆ నవల కాష్మోరా అన్న మాటను ఇంటింటికీ చేర్చింది. అందులో వైద్యం, మనస్తత్వశాస్త్రం ఒకవైపు, మంత్రం మరొకవైపు సమాన బలంతో నిలుస్తాయి. ఏది కారణమో తేల్చుకునే భారం పాఠకుడి మీద పడుతుంది. రంగనాయకమ్మ ఆ నవలపై 'తులసిదళం కాదు గంజాయిదమ్ము' అన్న విమర్శగ్రంథమే రాశారు. దాసరి కథ 'ఒకానొక కాలంలో' జరుగుతుంది. 'తులసిదళం' మన పక్కింట్లో జరుగుతుంది. చీకటి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి పాఠకుడి భయం విశ్వాసంగా మారుతుందా, కుతూహలంగా మిగులుతుందా అన్నది నిర్ణయమవుతుంది.

6. కొలువు, గడువు, లేని పేరు

చందమామను 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు. చక్రపాణి, కుటుంబరావు ఇద్దరూ తెనాలి ప్రాంతం వారే. దాసరిదీ ఆ సీమే. కుటుంబరావు భౌతికవాది, ఆయన కూర్చున్న చోటనే బేతాళ కథలు తయారయ్యాయి. నమ్మనివారు అద్భుతాన్ని వృత్తిగా రాయడం ఆ కార్యాలయంలో వింత కాదు. దాసరి ఈ వాతావరణంలో ఇరవై ఏళ్ళ వయసులో ప్రవేశించారు. ఆయన జీవితంలోని అతి పెద్ద సంఘటన ఇదే.

నెలకు కొన్ని పుటలు మాత్రమే కథకు దక్కుతాయి. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ సంక్షిప్తంగా ఉంటుంది. ప్రతి భాగం చివర ఒక ఆపద ఉంటుంది. పత్రిక పలు భాషలలో వెలువడేది గనుక తెలుగు ప్రతి ముందుగానే సిద్ధం కావాలి. ఈ నిబంధనలే దాసరి భయానకానికి ఆకారమిచ్చాయి. ఆయన కథలో భయం దీర్ఘవర్ణనగా ఉండదు. ఒక అరుపు, పొదలో ఒక కదలిక, గుహలో ఒక నీడ. తక్కినది చిత్ర గీసిన బొమ్మ చూసుకుంటుంది. మిగిలినది నెల రోజులపాటు పాఠకుడి ఊహ చూసుకుంటుంది. భరతుడు చెప్పిన విభావాలు ఇక్కడ వాచకంలోనూ, బొమ్మలోనూ, నిరీక్షణలోనూ పంచబడ్డాయి. పుస్తకరూపంలో ఏకబిగిని చదివిన నేటి పాఠకుడికి ఆపదలు మరీ దగ్గరదగ్గరగా ఉన్నట్లు అనిపించడానికి కారణం ఇదే. నిరీక్షణ అనే భాగం అందులో లోపించింది.

చందమామ ధారావాహికలపై రచయిత పేరు ఉండేది కాదు. తరాల పాఠకులు సమరసేనుణ్ణి, బ్రహ్మదండిని పేరుపేరునా గుర్తుపెట్టుకున్నారు. వారిని సృష్టించిన మనిషి పేరు చాలామందికి ఆయన వృద్ధాప్యంలో గానీ తెలియలేదు. మాంత్రికుడి పనిలో పింగళుడు సాధనమైనట్లు, పత్రిక పనిలో రచయిత కనబడని చేయి అయ్యాడని పోల్చాలనిపిస్తుంది. ఆ పోలికకు ఆధారం లేదు. కనుక దాన్ని వాదంగా కాక ఒక ప్రలోభంగా మాత్రమే ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఉపోద్ఘాతంలో చెప్పిన 'ఉండి ఉండవచ్చు' సరిగ్గా ఇలాంటి చోటనే పుడుతుంది. నిర్ధారించగలిగినది మరొకటి ఉంది. పేరు లేని రచనలో 'నేను' ఉండదు. దాసరి కథనంలో స్వీయదుఃఖ ప్రకటన, వ్యాఖ్యానం, ఆత్మపరిశీలన కనిపించవు. చీకటి పూర్తిగా బయట ఉంటుంది. లోయలో, అడవిలో, ఇతరుల దురాశలో.

7. తుగ్గలి నుంచి చదివినప్పుడు

రచయిత జీవితం ఒక మూలమైతే పాఠకుడి జీవితం మరొక మూలం. నేను ఈ ధారావాహికలను తుగ్గలిలో, మా పెద్దనాన్న కుట్టించి దాచిన పాత సంచికలలో చదివాను. ఈ నేలకు తనదైన చీకటి కల్పన ఉంది. 1827 జులైలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో మాకు దగ్గరలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. మరణానికి ముందు ఆయనకు కొండల నడుమ బంగారు తోరణం కనబడిందని, అది కనబడినవాడు బతకడని రాయలసీమలో చెప్పుకుంటారు. కలరా అన్న వాస్తవం జనం నోట బంగారు తోరణమైంది. ఇక్కడ కల్పన చేసింది బాధ పడిన వ్యక్తి కాదు, చూసిన సమాజం. అభినవగుప్తుడి సూత్రానికి ఇదొక జానపద నిదర్శనం.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం వెతికేవారు కనబడతారు. పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి, చెట్ల కింద వంట చేసుకుంటూ, తల వంచి ఎర్రమట్టిని చూస్తూ నడుస్తారు. గుప్తనిధుల కోసం పాడుపడ్డ గుళ్ళను తవ్వేవారి వార్తలు ఈ సీమకు కొత్త కావు. ఆ ముఠాలలో తరచుగా ఒక మంత్రగాడు ఉంటాడు. అతనికి గునపం పట్టే కూలివాడు కావాలి. నా బాల్యంలో 'శిథిలాలయం', 'రాకాసిలోయ' నాకు దూరదేశపు కథలుగా అనిపించకపోవడానికి కారణం ఇదే. బ్రహ్మదండి మా సంతలో కూడా తిరిగేవాడు. కేశవుడు కరువు ఏడాది కూలి దొరకని యువకుడు.

తెనాలి ప్రాంతంలో పుట్టి మద్రాసులో కూర్చుని రాసిన రచయిత మా పల్లెను ఉద్దేశించి ఉండడు. అయినా నిధి, మంత్రగాడు, కూలివాడు అన్న మూడింటి సంబంధాన్ని ఆయన సరిగా పట్టుకున్నారు గనుక ఆ కథ మా నేలమీద కూడా నిలిచింది. వ్యక్తిగత గాయం నుంచి మాత్రమే పుట్టిన కల్పనకు ఈ సౌలభ్యం అంత సులభంగా దక్కదు. దాన్ని అర్థం చేసుకోవడానికి రచయిత కథ తెలియాలి. దాసరిని అర్థం చేసుకోవడానికి మన ఊరి కథ తెలిస్తే చాలు.

దీనికి తరగతి గదిలో కూడా ప్రయోజనం ఉంది. క్షుద్రపూజల గురించి భయంతో మాట్లాడే విద్యార్థులు నాకు ప్రతి ఏడూ ఎదురవుతారు. మంత్రాలు అబద్ధమని నేను ఉపన్యసిస్తే వారు మర్యాదకు తల ఊపుతారు. 'ఈ కథలో మాంత్రికుడికి కేశవుడి అవసరం ఎందుకు వచ్చింది?' అని అడిగితే ఆలోచిస్తారు. అన్నీ చేయగలిగినవాడికి కూలివాడితో పనేమిటి అన్న ప్రశ్న వారి నోటి నుంచే వస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. చీకటి కల్పనకు రచయిత జీవితం మూలమే. అయితే జీవితం అంటే విషాద సంఘటనల పట్టిక కాదు. నమ్మినది, నమ్మనిది, జీతానికి చేసిన పని, ఆ పనికున్న గడువు, అచ్చులో పేరు ఉండడం లేకపోవడం కూడా జీవితానుభవాలే. దాసరి సుబ్రహ్మణ్యం విషయంలో ఇవే రచనా నిర్మాణాన్ని నిర్ణయించాయి. దినచర్యలు, లేఖలు ఉన్నచోట గాయాన్ని చర్చించవచ్చు. లేనిచోట దాన్ని కల్పించడం విమర్శ కాదు, మరో అద్భుత కల్పన.

పరిశోధక విద్యార్థులకు ఒక ఆచరణీయమైన సూచన చేయవచ్చు. మొదటి అధ్యాయంలో రాసిన ప్రతి జీవితవిశేషం పక్కన, అది తరువాతి ఏ అధ్యాయంలో ఏ విశ్లేషణకు ఉపయోగపడిందో గుర్తు పెట్టుకోవాలి. ఎక్కడా ఉపయోగపడని విశేషాన్ని తొలగించాలి. ఆ పని పూర్తయ్యాక అధ్యాయం రెండు పుటలే మిగిలితే చిన్నబుచ్చుకోనక్కరలేదు. దాసరి జీవితం గురించి మనకు నిశ్చయంగా తెలిసినది కూడా ఇంచుమించు అంతే. పన్నెండు ధారావాహికల నిర్మాణాన్ని వివరించడానికి అది సరిపోయింది.